హుండీలో పడని దానం

(మన ఆలయ సంక్రాంతి సభలో సభ్య దంపతులు కలిసి చేసిన ప్రసంగ పాఠం)

 

దానం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగినప్పుడు మేం కాస్త వెనకాడాం. మేం పండితులం కాము. శనివారాలు వంటశాలలో కూరగాయలు తరుగుతాం, పండగ రోజుల్లో పార్కింగ్ దగ్గర నిలబడి కార్లకు దారి చూపిస్తాం. శాస్త్రం చెప్పడానికి మన అర్చకస్వాములు ఉన్నారు. అయితే మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ఇంతవరకూ ఈ సభలో చెప్పలేదు. చెప్పకపోవడమే మేం చేసిన పొరపాటు. ఆ పొరపాటు మీలో ఇంకెవరూ చేయకూడదని ఇవాళ ఒప్పుకున్నాం.

సంక్రాంతి అనగానే మనలో చాలామందికి హరిదాసు గుర్తుకొస్తాడు. నెల పట్టిన దగ్గర్నుంచి తెల్లవారుజామునే వచ్చేవాడు. తల మీద అక్షయపాత్ర, కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, నోట హరినామం. వాకిట్లోకి వచ్చి ముగ్గు చుట్టూ తిరిగి వంగి నిలబడేవాడు. మనం చిన్నపిల్లలం దోసిట్లో బియ్యం తెచ్చి ఆ పాత్రలో పోసేవాళ్ళం. ఆయన ఇది కావాలని అడిగేవాడు కాదు. మనం ఇంత పోశామని చెప్పేవాళ్ళం కాదు. సంచారం ముగించుకుని ఇంటికి చేరేదాకా ఆ పాత్ర దించేవాడు కాదు.

ఆ చిన్న ఆచారంలో ఎంత మర్యాద ఉందో చూడండి. ఇచ్చేవాడు వెతుక్కుంటూ పోనక్కర లేదు. పుచ్చుకునేవాడు చేయి చాచనక్కర లేదు. ఇద్దరూ ఒకే వాకిట్లో, ఒకే ముగ్గు పక్కన కలుసుకునేవాళ్ళు.

ఇక్కడ మన ఇళ్ళకు ఆ వాకిలి లేదు. గరాజ్ తలుపు లేస్తుంది, కారు లోపలికి వెళ్తుంది, తలుపు దిగుతుంది. ఆ తలుపు వెనక ఎవరికి ఏ అవసరం ఉందో పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. ఇంటింటికీ తిరిగే హరిదాసు ఇక్కడ లేడు. ఉన్నా కాలింగ్ బెల్ కొడితే కెమెరాలో చూసి ఊరుకుంటాం.

మా గరాజ్ తలుపు వెనక ఉన్న సంగతి ఇది.

నాన్నగారు పోయిన ఏడాదికి అమ్మను ఇక్కడికి తీసుకొచ్చాం. మాలో ఒకరికి ఆవిడ అమ్మ, ఒకరికి అత్తయ్య. ఇద్దరం అమ్మా అనే పిలిచేవాళ్ళం. వచ్చిన మొదటి ఏడు బాగానే ఉంది. ఈ గుడికి ప్రతి శనివారం వచ్చేది. విష్ణు సహస్రనామం పుస్తకం చూడకుండా చెప్పేది. ఆ తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడం, స్టవ్ ఆపకుండా వచ్చేయడం మొదలైంది. వయసు కదా అనుకున్నాం. ఎప్పుడో పోయిన తమ్ముడు ఇంకా రాలేదేమని అడిగినప్పుడు కూడా కలగన్నదేమో అని సర్దుకున్నాం.

ఒక జనవరి రాత్రి రెండు గంటలకు వీధి తలుపు చప్పుడైంది. వెళ్ళి చూస్తే అమ్మ మెట్ల మీద నిలబడి చెంబుతో నీళ్ళు చల్లుతోంది. బయట మోకాలి లోతు మంచు. కాళ్ళకు చెప్పులు లేవు. "తెల్లారిపోతోంది, ఇంకా కళ్ళాపి చల్లలేదు, ముగ్గెప్పుడు వేస్తాను" అంది. పండగ నెల కదా, ఆవిడ లెక్కలో ఆవిడ చేస్తున్నది సరైన పనే.

డాక్టరుగారు డిమెన్షియా అన్నారు. మేం ఆ వారమే తలుపుకు పైన ఇంకో గొళ్ళెం బిగించాం. అంతేగాని ఎవరికైనా చెబుదామని మాత్రం అనుకోలేదు.

ఎందుకు చెప్పలేదని తర్వాత మమ్మల్ని మేం చాలాసార్లు అడుక్కున్నాం. నలుగురూ అమ్మను జాలిగా చూస్తారని ఒక కారణం. తల్లిని సరిగా చూసుకోవడం లేదు అనుకుంటారని ఇంకో కారణం. అమ్మాయికి పెళ్ళి సంబంధాలు చూస్తున్న రోజులు, వాళ్ళింట్లో మతి పోయే జబ్బు ఉందట అంటారేమోనన్న భయం కూడా ఉంది. ఇది మా కర్మ, మేమే అనుభవించాలి అని పైకి వేదాంతం చెప్పుకున్నాం. లోపల ఉన్నది పరువు గురించిన బెంగ.

మాలో ఒకరు ఉద్యోగం మానేశారు. ఎవరు మానేశారో ఈ సభలో చెప్పనక్కర లేదనుకుంటాం. అమ్మ రాత్రుళ్ళు నిద్రపోయేది కాదు, అందువల్ల మేమూ నిద్రపోయేవాళ్ళం కాదు. అమ్మను గుడికి తీసుకురావడం తగ్గించి, చివరికి పూర్తిగా మానేశాం. ఎవరైనా ఫోన్ చేస్తే అంతా బాగుందనేవాళ్ళం. ఇలా రెండేళ్ళు గడిచాయి.

ఆ రెండేళ్ళూ అన్నదానానికి మేమిచ్చే డబ్బు మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే వెళ్ళిపోయేది. దాతల జాబితాలో మా పేరు ఉండేది. ఆ జాబితా చూసిన వాళ్ళెవరైనా ఈ ఇంట్లో అంతా బాగుందనే అనుకుంటారు కదా.

అలా అనుకోని మనిషి ఒకావిడ ఉన్నారు. వంటశాలలో మేమంతా అక్కా అని పిలిచే పెద్దావిడ. పేరు చెప్పొద్దన్నారు. ఒకరోజు ఫోన్ చేసి, "మీ డబ్బు వస్తోంది, మీరు రావడం లేదు. ఏమైంది?" అన్నారు. పనులెక్కువయ్యాయి అక్కా అన్నాం. సరేనని పెట్టేశారు.

ఆ వచ్చే మంగళవారం సంచీ నిండా చిక్కుడుకాయలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "శనివారం కూరకి ఇవన్నీ ఈనెలు తీయాలమ్మా, ఒక్కదాన్నే తీయలేక తెచ్చాను" అన్నారు. లోపలికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని, బల్ల మీద కాయలు పోశారు. ఏం జరుగుతోందని మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగలేదు.

అమ్మ కాసేపు చూసింది. తర్వాత ఒక కాయ తీసుకుంది. కొడుకు పేరు గుర్తురాని ఆ మనిషి చేతులు ఈనె ఎక్కడ పట్టి లాగాలో మరిచిపోలేదు. "ముదురువి పక్కన పెట్టు, గింజలు వేరే వండుకోవచ్చు" అని అక్కకు చెప్పింది కూడా. గంటలో సంచీ ఖాళీ అయింది. ఆ కాయలే ఆ శనివారం ఇక్కడ కూరయ్యాయి. మీలో చాలామంది తిన్నారు. మూడేళ్ళ క్రితం మీకు వడ్డించిన ఆ కూరలో మా అమ్మ చేతి పని ఉంది. మీకు తెలియదు, మేం చెప్పలేదు.

అక్క వెళ్తూ, "మంగళవారాలు పది నుంచి పన్నెండు దాకా ఇలాగే వస్తాను. ఆ రెండు గంటలూ మీరు పడుకోండి" అన్నారు. మేం వెంటనే "అయ్యో వద్దక్కా, మీకెందుకు శ్రమ" అన్నాం. ఆవిడ చెప్పులేసుకుంటూ, "మీరిచ్చేది గుడి పుచ్చుకోవడం లేదా?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆ పై మంగళవారం మేం రెండు గంటలు నిద్రపోయాం. ఆ నిద్ర విలువ తెలియాలంటే, ఇంట్లో అలాంటి మనిషిని చూసుకున్న వాళ్ళనే అడగాలి.

ఆ రోజు నుంచి దానం అనే మాటకు అర్థం మాకు మారింది. విన్నవే, చదివినవే, కానీ అప్పుడు తలకెక్కాయి.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి వెళ్ళబోయే శిష్యుడికి గురువు దానం ఎలా చేయాలో చెబుతాడు. శ్రద్ధతో ఇమ్మంటాడు, సిగ్గుపడుతూ ఇమ్మంటాడు, భయంతో ఇమ్మంటాడు. ఇచ్చేవాడు ఎందుకు సిగ్గుపడాలి అని చిన్నప్పుడు మాకు అర్థమయ్యేది కాదు. చిక్కుడుకాయల సంచీతో వచ్చి, మీ సహాయం నాకు కావాలి అన్న ఆ మనిషిని చూశాక అర్థమైంది. ఎదుటివాడి తల వంగకుండా ఇవ్వడమే ఆ సిగ్గు.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో, తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగిన వారికి ఇచ్చేది సాత్త్విక దానమని స్వామి చెబుతాడు. మనం ఎంత ఇచ్చామన్నది లెక్క పెట్టుకుంటాం. గీత చోటును, సమయాన్ని, మనిషిని చూడమంటోంది. మంగళవారం పది గంటలు మాకు తగిన సమయం. అది ఎవరో ఒకరు మా ఇంటి దాకా వస్తే తప్ప తెలిసేది కాదు.

భారతంలో ముంగిస కథ మీకందరికీ తెలుసు. ధర్మరాజు అశ్వమేధం చేసి లోకమంతా మెచ్చుకునేలా దానాలు చేశాడు. సగం ఒళ్ళు బంగారమైన ముంగిస ఒకటి అక్కడికి వచ్చి, కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మణుడి కుటుంబం కరువు రోజుల్లో తాము తినబోయే పేలపిండిని అతిథికి పెట్టేశారని, ఆ పిండి రాలిన చోట పొర్లితే తన ఒళ్ళు సగం బంగారమైందని, ఇంత యాగం జరిగిన చోట పొర్లినా మిగిలిన సగం మారలేదని చెప్పింది. యాగం తప్పని ఆ కథ చెప్పడం లేదు. ఇచ్చేవాడి దగ్గర ఎంత మిగిలిందో చూడమంటోంది. మన దగ్గర ఈ రోజుల్లో డబ్బు కొంచెం మిగులుతుంది, సమయం అసలు మిగలదు. ఉద్యోగం, పిల్లలు, డ్రైవింగ్ అన్నీ పోగా మిగిలిన రెండు గంటలే మన పేలపిండి.

మన గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారి మాట తలుచుకోకుండా అన్నదానం గురించి మాట్లాడలేం. 1841లో పుట్టి 1909లో పరమపదించిన ఆ తల్లి లంకల గన్నవరంలో తమ ఇంటికి వచ్చిన వాళ్ళకు వేళాపాళా చూడకుండా, కులమతాలు అడగకుండా అన్నం పెట్టారు. ఈనాడు ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ గురించి అక్కడి వాళ్ళు ఒక కథ చెప్పుకుంటారు. ఎన్నాళ్ళగానో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్ళాలనుకుని చివరికి బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళివారి గుంపు ఆకలితో ఉన్న పిల్లల్ని ఊరుకోబెడుతూ, కాస్త ఓర్చుకుంటే గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది అనుకోవడం ఆవిడ చెవిన పడింది. అంతే, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్ళ కంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట.

అన్నం పెట్టడం ఒక ఎత్తు. ఆ మాట ఆవిడ చెవిన పడటం ఇంకో ఎత్తు. మనం ఈ గుడికి వస్తున్నప్పుడు దారిలో ఏం వినపడుతోంది? ఇదివరకు ప్రతి వారం వచ్చే మనిషి నెల నుంచి కనపడకపోతే, అది కూడా ఒక మాటే. అక్కకు వినపడింది.

ఆ మంగళవారాలు మొదలయ్యాక అక్క మా అనుమతి అడిగి మరి నలుగురికి చెప్పారు. గురువారాలు ఒక తమ్ముడు ఆఫీసు ముందు వచ్చి అమ్మ పక్కన కూర్చుని సహస్రనామం చదివేవాడు. అమ్మ మాటలు చాలావరకు పోయాయి గాని, అతను చదువుతుంటే పెదవులు కదిలేవి, కొన్ని నామాలు గొంతు కలిపేది. కాలేజీలో చదివే ఒక అమ్మాయి వచ్చి గోళ్ళు కత్తిరించి, జడ వేసి వెళ్ళేది. ఇంకో పెద్దాయన మాకు కాగితాల సంగతి నేర్పారు. అవి మీకు కూడా పనికొస్తాయి కాబట్టి రెండు మూడు చెబుతాం.

1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టం ఒకటుంది. అందరూ ఎఫ్ఎమ్ఎల్ఏ అంటారు. కనీసం 50 మంది పనిచేసే సంస్థలో ఏడాదైనా పనిచేసిన వాళ్ళు, కొన్ని షరతులకు లోబడి, జబ్బు పడిన తల్లిదండ్రుల కోసం ఏడాదికి 12 వారాలు జీతం లేని సెలవు తీసుకోవచ్చు. ఉద్యోగం పోదు. అవసరాన్ని బట్టి ఒకేసారి కాకుండా వారానికో రోజు చొప్పున కూడా వాడుకోవచ్చు. కానీ అత్తమామల కోసం ఈ చట్టం కింద సెలవు రాదు. అంటే మన ఇళ్ళల్లో చాకిరీ చాలావరకు చేసే కోడలికి సెలవు లేదు, కొడుక్కి ఉంది. మాకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక వారంలో ఒక రోజు కొడుకే అమ్మ దగ్గర ఉన్నాడు. స్నానం చేయించాడు, తినిపించాడు. మొదట్లో చేతకాలేదు. తర్వాత వచ్చింది. తల్లి సేవ చేయాలని పురాణం విన్న వాళ్ళం, మగవాళ్ళకు అది నేర్పుకోలేదు.

ఇంకొకటి. గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు 65 ఏళ్ళు దాటినా, ఇక్కడ వరుసగా 5 ఏళ్ళు ఉంటే తప్ప మామూలుగా మెడికేర్‌లో చేరలేరు. చేరిన తర్వాత కూడా రోజంతా ఇంట్లో మనిషిని పెట్టుకునే ఖర్చు మెడికేర్ ఇవ్వదు. ముందే తెలుసుకుని లెక్క వేసుకోండి. అలాగే దేశమంతటా ప్రాంతాల వారీగా ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ అనే కార్యాలయాలు ఉన్నాయి. చూసుకునేవాళ్ళకు కాస్త విరామం ఇప్పించడం, సలహా చెప్పడం వాళ్ళ పనుల్లో ఒకటి. 1-800-677-1116 కి ఫోన్ చేస్తే మీ ప్రాంతపు కార్యాలయం ఏదో చెబుతారు. మేం రెండేళ్ళు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. అది కూడా పరువు ఖాతాలోనే వేసుకున్నాం.

అమ్మ పోయిన కార్తీకంలో వెళ్ళిపోయింది. ఇంట్లోనే, మా ఇద్దరి మధ్యన. మీలో చాలామంది వచ్చారు, పన్నెండో రోజు వంటశాల వాళ్ళే వంట చూశారు. మేం మీ రుణం తీర్చుకోలేం.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ మమ్మల్ని బాధిస్తుంది. మేం దాచిన ఆ రెండేళ్ళలో అమ్మకు ఇంకా చాలా గుర్తుండేది. మనుషుల్ని గుర్తుపట్టేది. నలుగురితో కూర్చుని తెలుగులో కబుర్లు చెప్పగలిగేది. ఈ గుడిలో, మీ మధ్య గడపగలిగిన రోజులవి. మా పరువు కోసం ఆవిడ ఆ రోజుల్ని నాలుగు గోడల మధ్య గడిపింది. ఆవిడకు అన్నం పెట్టాం, మందులు వేశాం, మనుషుల్ని మాత్రం ఇవ్వలేదు.

ఇది ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రుల సంగతి మాత్రమే కాదు. 1965 తర్వాత చట్టం మారి మనవాళ్ళు ఈ దేశానికి రావడం పెరిగింది. 1970ల చివర న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణపతికి, పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామికి గుళ్ళు కట్టారు. ఆ తరం వాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. గుళ్ళు కట్టడానికి ఇల్లిల్లూ తిరిగి విరాళాలు అడిగిన వాళ్ళు, తమకు మందు తెచ్చిపెట్టమని ఎవరినీ అడగలేక ఊరుకుంటున్నారు. పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటారు. డ్రైవింగ్ మానేసిన రోజు నుంచి గుడి కూడా దూరమవుతుంది.

అందుకని కార్యవర్గం ఒప్పుకోగా ఒక చిన్న పని మొదలుపెడుతున్నాం. ప్రసాదాల బల్ల పక్కన ఒక పుస్తకం పెట్టాం. ఎడమవైపు పేజీలో, వారానికి రెండు గంటలు ఇవ్వగలం అనేవాళ్ళు పేరు రాయండి. కుడివైపు పేజీలో, మాకు రెండు గంటలు కావాలి అనేవాళ్ళు రాయండి. జబ్బేమిటో రాయనక్కర లేదు. ఆ పేజీ అక్క తప్ప ఇంకెవరూ చూడరు, బయటకు పోదు. పేరు రాయడం కూడా ఇబ్బందైతే ఆవిడ చెవిలో చెప్పండి చాలు. వచ్చేవాళ్ళు మందులివ్వరు, డబ్బు విషయాల్లో తల దూర్చరు, సలహాలు చెప్పరు. కూర్చుంటారు, కబుర్లు చెబుతారు, కాయలు వలుస్తారు.

ఎడమవైపు పేజీ ఇవాళే నిండిపోతుందని మాకు తెలుసు. మనవాళ్ళు ఇవ్వడంలో ఎప్పుడూ వెనకాడరు. మా బెంగంతా కుడివైపు పేజీ గురించే. అది ఖాళీగా ఉంటే మన ఊళ్ళో ఎవరికీ ఏ కష్టమూ లేదని అర్థం కాదు, మాలాంటి వాళ్ళు ఇంకా చాలామంది తలుపులేసుకుని ఉన్నారని అర్థం. ఇచ్చేవాళ్ళకు పుణ్యం రావాలంటే పుచ్చుకునేవాళ్ళు ఉండాలి కదా. పుచ్చుకోవడం తక్కువతనమైతే, అక్షయపాత్ర తల మీద పెట్టుకుని వచ్చిన హరిదాసుకు మన పెద్దవాళ్ళు నమస్కారం పెట్టేవాళ్ళు కాదు.

మాలో ఒకరి నాన్నగారికి మొన్న ఊళ్ళో పక్షవాతం వచ్చింది. వేసవిలో మా దగ్గరికి తీసుకొస్తున్నాం. ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు, మాట కొంచెం తడబడుతుంది, పేకాటంటే మాత్రం ఇప్పటికీ ప్రాణం. ఇంట్లో మూడో చెయ్యి కూర్చునేవాళ్ళు లేరు. ఈసారి దాచదలుచుకోలేదు. ఇందాక ఈ వేదిక ఎక్కే ముందు ఆ పుస్తకం దగ్గరికి వెళ్ళి, కుడివైపు పేజీలో మొదటి పేరు మాదే రాసి వచ్చాం. రెండో పేరు రాసేవాళ్ళకు ఇక సంకోచం ఉండదని ఆశ.